పదిహేడు శాతం

పరిశోధకుల గది, మూడో అంతస్తు
జూలై 20

వదినా,

చేరి ఇరవై రోజులైంది. ఫోన్‌లో "బాగుంది, అంతా బాగుంది" అంటున్నానే, అదంతా అమ్మ కోసం. మనింట్లో ఫోనంటే స్పీకర్ పెట్టి బల్ల మీద పడేసి చుట్టూ కూర్చునే సామాను. నీతో విడిగా ఒక్క ముక్క మాట్లాడే వీల్లేదు. అందుకే ఈ ఉత్తరం, అదీ నీ ఆఫీసు అడ్రసుకి. చదివి చింపెయ్. చింపకపోయినా పర్లేదు కానీ అన్నయ్య చేతికి మాత్రం ఇవ్వకు. తెల్లారేసరికి అమ్మకి అప్పజెప్పేస్తాడు.

ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ సీటు, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, మెషీన్ లెర్నింగ్ సిస్టమ్స్ అని ఎంత గొప్పగా చెప్పుకున్నాం! చూస్తే ఒక కిటికీ లేని గది. పన్నెండు మందికి పదకొండు కుర్చీలు. చివర వచ్చినవాడు ప్రింటర్ పక్కన అట్టపెట్టె మీద కూర్చుంటాడు. పక్క గదిలో మెషీన్ల హోరు. కింద పరిచిన తివాచీ ఎప్పుడు తడిసిందో గానీ ఇప్పటికీ ముక్కిన గుడ్డ వాసనే. సింకులో ఒక కప్పుంది. అందులో పాలు గడ్డకట్టి, దాని మీద బూజు జుట్టులా మొలిచింది. ఎవరిదని అడిగితే, మూడేళ్ల కిందట పట్టా లేకుండానే వెళ్ళిపోయిన సీనియర్‌ది అన్నారు. మరి ఎందుకు కడగలేదంటే, "మాది కాదు కదా" అన్నారు.

సార్ గురించి ఏం చెప్పను? మనం మాట్లాడుతుంటే ఫోన్ చూసుకుంటారు. మనం ఆపిన తర్వాత, మనం చెప్పిందే నెమ్మదిగా, కళ్ళు మూసుకుని, ఆయన మాటగా చెప్తారు. అప్పుడు గదంతా తలూపుతుంది. ఒక సీనియర్ ఉన్నాడు, సార్ తుమ్మినా "అవునండి" అంటాడు. అతని పేరు నాకు నోరు తిరగదు. అవునండి అనే పిలుస్తున్నాను, మనసులో.

ఒకే సీటుకి నువ్వూ నేనూ ఇద్దరం అప్లికేషన్ పెట్టాం, నాకొచ్చింది. నువ్వు నేర్పకపోతే క్యాష్ అంటే చిప్ పక్కనుండే చిన్న మెమరీ అని తెలియక, పెట్టెలో దాచే డబ్బనుకునేదాన్ని. ఈ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

టాపిక్ ఇంకా సరిగ్గా తేలలేదు. మెమరీకి సంబంధించిందేదో. అన్నట్టు, నీ అప్లికేషన్ కాపీ నీ దగ్గరుందా? ఊరికే అడుగుతున్నా.

నీ మరదలు


విడిభాగాల గది, సర్వర్ల హాలు
ఆగస్టు 2

మరదలు పిల్లా,

ఉత్తరం చింపలేదు. పాత మదర్‌బోర్డుల పెట్టెలో దాచాను. ఈ ఆఫీసులో దానికంటే భద్రమైన చోటు లేదు, ఎవరూ మూత తీయరు.

ముందు ఆ కప్పు కడిగెయ్. ఎవరిదైనా కానీ. లేకపోతే మూడేళ్ల తర్వాత నీ కప్పు గురించి ఇంకెవరో ఉత్తరం రాస్తారు.

సీటు గురించి ఆ ఏడుపు మాట ఇంకోసారి రాశావంటే ఊరుకోను. నీ చేయి కోడ్ మీద నడిచినంత వేగంగా నాది నడవదు. నాకు మెషీన్ విప్పి చూస్తేగానీ బుర్ర పనిచేయదు. ఇక నా ఇంటర్వ్యూ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు కదా, చెప్తాను. ఎనిమిది నిమిషాలు. మీ సార్ మధ్యలో కూర్చున్నారు. నా రెండు పేజీల ప్రతిపాదన ఆయన ముందే ఉంది. చెప్పాను: పెద్ద ఏఐ మోడల్ జవాబిచ్చేటప్పుడు చిప్‌కి లెక్క చేయడం కష్టం కాదు, లెక్కకి కావాల్సిన సరుకు దూరంగా ఉన్న మెమరీ నుంచి వచ్చేదాకా ఖాళీగా కూర్చోవడమే కష్టం. మా నాన్న మందుల షాపులో చీటీ మీద మొదటి మందు పేరు చూడగానే మూడో మందు ఏదై ఉంటుందో పసిగట్టేవాడు. మొదటిది కౌంటర్ మీద పెడుతుండగానే మూడోది లోపలి గదిలోంచి తెప్పించేవాడు. మోడల్ లెక్క పొరలు పొరలుగా సాగుతుంది కాబట్టి మొదటి పొరలు చూసి, తర్వాతి పొరలకి ఏం కావాలో అలా ముందే ఊహించి తెచ్చి పెట్టొచ్చు. ఇంతే.

తర్వాత ఒక తప్పు ఒప్పుకున్నాను. "సార్, ప్రతిపాదనలో చిప్ ఎదురుచూసే సమయం పదిహేడు శాతం తగ్గిందని రాశాను. అది తప్పు. నా మెషీన్ ఫ్యాన్ రెక్క విరిగి, పోలిక కోసం పాత పద్ధతి నడిపిన రోజు అది వేడెక్కి మందగించింది. బాగుచేసి కొలిస్తే పదకొండే వచ్చింది" అన్నాను. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా, "ఇది రీసెర్చ్ కాదమ్మా, గోడౌన్ పని. మీరు ఉద్యోగంలోనే రాణిస్తారు" అన్నారు. లేచొచ్చేశాను.

కాపీ అటక మీదుంది. సంతకం, తేదీ వేసిన రసీదుతో సహా. ఎందుకు నీకు?

మీ అన్నయ్య క్షేమం. అత్తయ్యగారు నీ గది తలుపు రోజూ ఒకసారి తీసి వేస్తున్నారు. ఇక్కడ ఈ వారం ఉబ్బిన బ్యాటరీలు ముప్పై పీకాను. మెమరీ మీద ఏంటో తేలగానే రాయి. ఇద్దరం కొట్టుకుంటూ ఆలోచిద్దాం.

వదిన


పరిశోధకుల గది
సెప్టెంబరు 11

వదినా,

ఆలస్యమైంది, తిట్టకు. పేపర్ గడువు దగ్గరపడింది. పేపర్ రాస్తున్నాను. నా పేరే ముందుంటుందట. రెండు నెలల్లో ఎవరికీ దక్కని అదృష్టం అని అవునండి పొగుడుతున్నాడు. అతను పొగిడితే వీపు మీద ఏదో పాకినట్టుంటుంది.

ఇక్కడి కథ ఒకటి చెప్తా విను. సార్‌కి వేరే ఊళ్ళ వాళ్ళ పేపర్లు గోప్యంగా వస్తాయి, చదివి మంచిచెడ్డలు చెప్పమని. సార్ చదవరు. మాకు పంచుతారు. నాకొకటి వచ్చింది. ఎవరో ఎంత కష్టపడి రాశారో, ఒక్కో బొమ్మ ముత్యంలా ఉంది. బాగుందని రాసి ఇచ్చాను. అవునండి నన్ను పక్కకి పిలిచి, "మొదట మనకి పనికొచ్చేది రాసి పెట్టుకో. ఆ తర్వాత తిప్పి కొట్టు. బాగుందని రాస్తే మనకేం మిగులుతుంది?" అన్నాడు. అదీ అరటిపండు తింటూ. తొక్క నా కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నా పని మెమరీ మీద ఏదో, చెప్పాను కదా. సరుకు ముందే తెచ్చి పెట్టడం లాంటిది. అందరూ చేస్తున్నదే, కొత్తేం కాదు. గడువు అయ్యాక వివరంగా రాస్తాను.

కప్పు కడిగాను. అడుగున మరక పోలేదు.

నీ మరదలు


సర్వర్ల హాలు, భోజనాల గది
సెప్టెంబరు 25

అమ్మాయీ,

ఉత్తరం అందింది. పేపర్‌లో ముందు పేరు నీదే అయినందుకు సంతోషం. ఇంట్లో అందరికీ చెప్పాను. అత్తయ్యగారు పక్కింటివాళ్ళకి, వాళ్ళ పక్కింటివాళ్ళకి చెప్పారు.

"సరుకు ముందే తెచ్చి పెట్టడం లాంటిది" అని రాశావు. ఇంకొంచెం వివరంగా రాయి. నాకూ ఆ విషయంలో కాస్త ఆసక్తి ఉందని నీకు తెలుసు.

గడువు అయిపోయి ఉంటుంది ఈపాటికి.

వదిన


హాస్టల్ గది
అక్టోబరు 9

వదినా,

మీ ఉత్తరం పదిహేనుసార్లు చదివాను. ఆ చివరి వాక్యం ఒక్కటే. ఇక దాచలేను.

చేరిన మొదటివారంలోనే సార్ నా బల్ల మీద పన్నెండు పేజీల ప్రాజెక్టు ప్లాన్ పెట్టారు. "ఇదే మన పని. దీనికే నిధులొచ్చాయి. చదువుకో" అన్నారు. మూడో పేజీలో మందుల షాపు ఉంది. చీటీలో మొదటి మందు, కౌంటర్, లోపలి గది, మూడో మందు. అన్నీ ఉన్నాయి. నాలుగో పేజీలో పదిహేడు శాతం. మీ విరిగిన ఫ్యాన్ రెక్క కూడా ఆ అంకెలో ఉంది వదినా. ప్రపంచంలో ఇంకెవరికీ పదిహేడు రాదు. అది మన వెనక గదిలో, ఆ డొక్కు మెషీన్ మీద, ఆ ఎండ రోజున మాత్రమే వచ్చింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, అప్లికేషన్ పంపేశాక మీరు ఫ్యాన్ విప్పి రెక్క చూపిస్తే నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి మనకి.

అది చదివి ప్లాన్ మూసేశాను. బాత్‌రూమ్‌కి పరిగెత్తాను. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నాను. కూర్చున్నాను, అదీ సంగతి. ఆ రోజే లేచి రావాల్సింది. మీ అప్లికేషన్ కాపీ ఉందా అని మొదటి ఉత్తరంలో అడిగింది అందుకే. ఉందని మీరు రాశాక భయమేసింది. లేదంటే బాగుండునని అనుకున్నాను. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకే తెలీదు.

ఒకసారి అడిగాను. సార్ గదిలో, ఇద్దరమే ఉన్నప్పుడు.

"సార్, ఈ మందుల షాపు ఉదాహరణ..."

"బాగుంది కదా? మా మామగారికి మందుల షాపు ఉండేదిలే. చిన్నప్పటి సంగతులు ఎక్కడ పనికొస్తాయో చూడు."

వాళ్ళ మామగారు జడ్జిగా చేసి రిటైరయ్యారని ల్యాబ్‌లో ప్రతివాడికీ తెలుసు. పైగా పెళ్ళయ్యాక వచ్చే మామగారి షాపులో ఈయన చిన్నతనం ఎలా గడిచిందో! నేనేమన్నానో తెలుసా? "చాలా బాగుంది సార్" అన్నాను. నా గొంతు అచ్చం అవునండి గొంతులా వినిపించింది.

పేపర్ పంపేశాం. నా పేరు ముందు, ఆయన పేరు చివర. మీ పేరు ఎక్కడా లేదు. కృతజ్ఞతల్లో విద్యుత్ శాఖ వాళ్ళ పేరుంది, మీది లేదు.

ఎందుకు ఊరుకున్నానంటే జవాబు ఒకటే. సీటు పోతుందని. అమ్మ ఊరంతా చెప్పుకుందని. మెళ్ళో వేసుకునే ఆ గుర్తింపు కార్డు అలవాటైపోయిందని. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

మీ మరదలు


విడిభాగాల గది
అక్టోబరు 16

"మీరు" అని రాశావు. ఏడేళ్లుగా "నువ్వు, నువ్వు" అని నా నెత్తినెక్కి కూర్చున్నదానివి. ఆ "మీరు" చూసినప్పుడు మిగతాది చదవకుండానే ఉత్తరంలో ఏముందో తెలిసిపోయింది.

నిజానికి నాకు ఆగస్టు నెలాఖరుకే తెలుసు. కొత్త మెషీన్లు అమ్మేవాళ్ళు మా హాలుకి వచ్చి, భోజనాల గదిలో గోడ మీద ఒక వీడియో వేశారు. మీ సార్ ప్రసంగం. నేను పెరుగన్నం కలుపుకుంటున్నాను. "మా మామగారి మందుల షాపులో" అని మొదలుపెట్టాడు. మా నాన్న చీటీని కళ్ళజోడు పైకెత్తి చూసే తీరు కూడా చెప్పాడు. అది నా ప్రతిపాదనలో ఒక్క వాక్యం, కొట్టేద్దామా ఉంచుదామా అని ఊగిసలాడి ఉంచాను. మా వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేను డబ్బా మూత పెట్టేశాను.

మా నాన్నని వాడి మామగారిని చేశాడు. నాకు అక్కాచెల్లెళ్ళు లేరు. ఇక వాడు నాకు వరసకి ఏమవుతాడో నువ్వే లెక్కేసుకో. ఛీ! ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని స్నానం చేశాను.

అంతా తెలిసి కూడా నీకు నవ్వుతూ ఉత్తరం రాశాను. చెప్తావా, చెప్పవా అని చూశాను. నీ పేపర్ గడువు దాటేదాకా ఆగాను. అది మంచి పని కాదు. ఎలుక బోను పెట్టి పక్కన కూర్చున్నట్టుంది నాకు. నా మీద నాకే వెగటు పుట్టింది. అదీ ఆ మనిషి చేసిన పనే. మనిద్దరి మధ్యకి కూడా చేతులు పెట్టాడు.

నీ క్షమాపణ ఇప్పుడు నాకొద్దు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీదు.

కానీ ఒకటి అడుగుతాను, నిజం రాయి. మీ ల్యాబ్ మెషీన్లకి ఫ్యాన్లు బాగానే ఉన్నాయి కదా. గది చల్లగా ఉంటుందని ఫోన్‌లో నువ్వే అన్నావు. అక్కడ నా పద్ధతి నడిపితే పదకొండు రావాలి. మహా అయితే పన్నెండు. పేపర్‌లో ఏ అంకె ఉంది?


హాస్టల్ గది
నవంబరు 30

వదినా,

పదిహేడే ఉంది.

మొదట పదకొండే వచ్చింది. నువ్వు చెప్పినట్టే, అచ్చంగా. సార్‌కి చూపించాను. "ప్లాన్‌లో పదిహేడు రాసుకున్నాం కదా. పదిహేడు రాలేదంటే నీ పనిలో లోపం ఉన్నట్టు" అన్నారు. నాలుగు రోజులు తిప్పలు పడ్డాను. ఐదో రోజు అవునండి వచ్చి, "మన పద్ధతి వేగం పెంచడం కష్టం. పాత పద్ధతి వేగం తగ్గించడం తేలిక" అన్నాడు. పాత పద్ధతి నడిచేటప్పుడు మెషీన్‌లో ఒక సెట్టింగ్ ఆపేశాను. ఒక్క లైను. పదిహేడు వచ్చింది. విరిగిన ఫ్యాన్ పని నేను నా చేత్తో చేశాను. నీది పొరపాటు, ఒప్పుకున్నావు. నాది పొరపాటు కాదు.

ఇది పోయిన ఉత్తరంలో కూడా దాచాను. దొంగసొత్తు మోశానని చెప్పుకోవడం తేలికైంది, దొంగతూకం వేశానని చెప్పుకోలేకపోయాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే రెండు పనులు చేశాను. నా కోడ్ మొత్తం బయట పెట్టి, పేపర్ పంపిన సదస్సు వాళ్ళకి రాశాను: అంకెలు తప్పు, చేసింది నేనే, వెనక్కి తీసుకుంటున్నాను అని. తీసేశారు. తర్వాత విభాగాధిపతికి ఫిర్యాదు ఇచ్చాను: ఆలోచన మా వదినది, మార్చిలో ఇచ్చిన అప్లికేషన్లో ఉంది, చూడండి అని.

ముగ్గురితో విచారణ వేశారు. పొడుగు బల్ల, నీళ్ళ సీసాలు, బిస్కెట్లు. సార్ నా వంక చూడలేదు. చాలా బాధగా, కూతురి గురించి చెప్తున్నట్టు చెప్పారు.

"ఆ అప్లికేషన్లన్నీ ఆఫీసు చూసుకుంటుంది. నేను ఎవరివీ చదవలేదు. ఈ ఆలోచన ఈ అమ్మాయే తెచ్చింది. నేను నమ్మాను. వాళ్ళ వదినదని ఇవాళే తెలుస్తోంది."

పెద్దాయన ఒకాయన కళ్ళజోడు తుడుచుకుంటూ నన్ను అడిగారు. "మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు కదా?"

"అవునండి," అన్నాను. అనక తప్పలేదు.

"ఆవిడ ఆలోచనలు మీతో పంచుకునేవారు కదా?"

"అవునండి."

"మరి ఇది ల్యాబ్‌లోకి మీ ద్వారా వచ్చి ఉండొచ్చు కదా?"

ప్రాజెక్టు ప్లాన్ నేను చేరకముందే రాసిందని అరిచాను. ప్లాన్ మీద తేదీ చూడమన్నాను. చూశారు. ఆగస్టు అని ఉంది. ఎప్పుడు మార్చారో తెలీదు. నేను చేరాకే, ఆగస్టులోనే ఆ ప్లాన్ తయారైందని అవునండి సాక్ష్యం చెప్పాడు. చెప్తున్నంతసేపూ బిస్కెట్ తుంపులు చొక్కా మీద రాలుతూనే ఉన్నాయి, దులుపుకోను కూడా లేదు.

నిన్న తీర్పు వచ్చింది. నీ ఆలోచన దొంగిలించింది నేను. అంకెలు మార్చింది నేను. రెండోది నిజమే కాబట్టి మొదటిది అందరూ నమ్మారు. సీటు రద్దు. వారంలోగా గది ఖాళీ చేయాలి. సార్‌కి "విద్యార్థుల మీద మరింత పర్యవేక్షణ అవసరం" అని సలహా ఇచ్చారట.

ఇంటికి రాలేను. అమ్మకి ఏం చెప్పాలో తెలీదు. ఒక స్నేహితురాలి గదిలో చాప వేసుకుని ఉంటాను. ట్యూషన్లు చెప్పుకుంటాను. అడ్రసు కింద రాశాను. జవాబు రాయకపోయినా నీ తప్పు కాదు.

మరదలు


ఇల్లు, వంటింటి బల్ల
జనవరి 27

మరదలు పిల్లా,

జవాబు రెండు నెలలు ఆపాను. ఆపడానికి కారణం ఉంది. ఇప్పుడు చెప్తాను, కూర్చుని చదువు.

డిసెంబరు మొదటివారంలో మీ సార్ నాకు ఫోన్ చేశాడు, ఆఫీసుకి. గొంతులో తేనె కారుతోంది.

"అమ్మా, జరిగినదానికి చాలా బాధపడుతున్నాను. మీ మరదలు తొందరపాటు మనిషి. ఆ సీటు ఇప్పుడు ఖాళీగా ఉంది. ప్రాజెక్టు నడవాలి. మీకంటే తగినవాళ్ళు ఎవరున్నారు?"

నా ఉత్తరాల్లో ఇంతవరకూ రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. నాకు సంతోషం వేసింది. ఆ మనిషి ఎవడో, ఏం చేశాడో, నిన్ను ఏ గోతిలో తోశాడో అన్నీ తెలిసి కూడా, "మీకంటే తగినవాళ్ళు" అన్న మాటకి నా గుండె పొంగింది. రెండు రోజులు ఆ సంతోషం కడుపులో పెట్టుకుని తిరిగాను. బట్టలు ఏవి తీసుకెళ్ళాలో కూడా అనుకున్నాను. మీ అన్నయ్యకి చెప్పలేదు. నువ్వు చాప మీద పడుకున్నావని తెలుసు, అయినా అనుకున్నాను. నువ్వు ఆ కుర్చీలో మూడు నెలలు ఎలా కూర్చున్నావో అప్పుడు అర్థమైంది. వాళ్ళు మనల్ని లాక్కెళ్ళరు. కుర్చీ కొంచెం వెనక్కి జరిపి చూపిస్తారు, అంతే. మనమే వెళ్ళి కూర్చుంటాం. అసలు రోత అది.

మూడో రోజు తల కాస్త చల్లబడింది. విచారణలో ఆయన ఏం చెప్పాడని రాశావు? "అప్లికేషన్లు నేను చదవలేదు." మరి చదవకుండా నేను తగినదాన్నని ఎలా తెలిసింది?

ఫోన్ చేశాను. గొంతు ఎంత మెత్తగా చేయగలనో అంత మెత్తగా చేశాను.

"సార్, నాకు ఇష్టమే. కానీ మాది పెద్దల మాట దాటని ఇల్లు. నోటిమాట అంటే మా అత్తగారు ఒప్పుకోరు. ఎందుకు నన్నే పిలుస్తున్నారో ఉత్తరంలో రాసి, సంతకం పెట్టి పంపితే ఇంట్లో చూపిస్తాను."

"అలాగే అమ్మా, దానికేం భాగ్యం! సంప్రదాయం గల ఇల్లు," అన్నాడు. నమ్మేశాడు. ఇంత చదువుకున్న ఆడమనిషి అత్తగారి అనుమతి కోసం ఆగుతుందంటే ఆయనకి ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

ఐదు రోజుల్లో వచ్చింది. విభాగం ముద్ర, సంతకం. "మార్చిలో మీరు సమర్పించిన ప్రతిపాదనను నేను స్వయంగా చదివి, అందులోని ఆలోచన ఆధారంగానే మా ప్రాజెక్టును రూపొందించిన విషయం మీకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను." నన్ను మురిపించాలని రాశాడు. అత్తయ్యగారికి నిజంగానే చూపించాను. అంతా చెప్పాను, నీ అంకెల సంగతితో సహా. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "వీడికి తల్లి లేదా?" అన్నారు. మీ అన్నయ్య లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి, "ముందే నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

ఆ ఉత్తరం నకలు, నా అప్లికేషన్, రసీదు, మూడూ కలిపి విచారణ సంఘానికి, విశ్వవిద్యాలయం పైవాళ్ళకి, నిధులిచ్చినవాళ్ళకి పంపాను. మొదటి ఇద్దరూ పలకలేదు. నిధులిచ్చినవాళ్ళు పలికారు. అప్పుడు మొదటి ఇద్దరికీ మెలకువ వచ్చింది.

నిన్న కాగితం అందింది. నీకూ ఒకటి వస్తుంది. "ఆలోచనల మధ్య సారూప్యత గమనించబడినది" అట. ఎవరు గమనించారో, ఎవరు దొంగో ఆ వాక్యంలో దొరకరు. ఆలోచన దొంగిలించావన్న మాట నీ మీద నుంచి తీసేశారు. అంకెలు మార్చావన్నది అలాగే ఉంది. ఉండాలి కూడా. సీటు తిరిగి రాదు. ప్రాజెక్టు ఆపేశారు. ఆయన రెండేళ్లు కొత్త విద్యార్థులని తీసుకోకూడదు. అంతే. గది ఆయనదే, తలుపు మీద పలక ఆయనదే. నాకు పంపిన ఆహ్వానానికి ఆయన ఇంకా జవాబు ఆశిస్తున్నాడేమో తెలీదు. గెలిచినట్టు ఏమీ లేదు. చెత్త ఎత్తిపోసిన చేతుల్లా ఉన్నాయి నా చేతులు.

ఇక మన సంగతి.

నీ మీద కోపం పోలేదు. పోయినట్టు నటించను. ఒక్కోసారి అన్నం తింటూ గుర్తొచ్చి చేయి ఆగిపోతుంది. ఎప్పుడు పోతుందో తెలీదు, తొందరపెట్టకు.

కానీ సదస్సు వాళ్ళకి నువ్వు రాసిన ఉత్తరంతో పాటు నీ కోడ్ మొత్తం బయట పెట్టావు కదా, ఎవరైనా చూసుకోమని. నేను చూశాను. రెండు వారాలు కూర్చుని చదివాను. ఆ ఒక్క దిక్కుమాలిన లైను తీసేస్తే మిగతాది ఎంత శుభ్రంగా ఉందో! నేను ఊహించి వదిలేసిన చోట నువ్వు దారి వేశావు. అది నాకు చేతకాదు. ఆలోచన నాది, పని నీది. ఆ మనిషిది అందులో ఏమీ లేదు.

మా మేనేజర్‌ని అడిగితే, తీసి పారేసే మెషీన్లు నాలుగు ఇచ్చాడు. ఆదివారాలు మా సర్వర్ల హాలు వెనక గది మనదే. పట్టా రాదు, కార్డు రాదు, పేరు ముందు ఏదీ చేరదు. కొలిచి, వచ్చిందే రాసి, రెండు పేర్లతో బయట పెడదాం. ఎవరి పేరు ముందుండాలో నాకు తెలుసు, నీకూ తెలుసు. అయినా ఆ మాట ఉత్తరంలో వద్దు. నువ్వు నా ఎదురుగా నిలబడి అడగాలి, నేను నీ మొహం మీదే చెప్పాలి.

శనివారం బస్సెక్కు. స్టాండుకి మీ అన్నయ్య వస్తాడు. అత్తయ్యగారు కూడా వస్తానంటున్నారు.

నేను రాను. ఇంకా అంత మంచిదాన్ని కాలేదు.

వదిన